జగ్గయ్యపేట కారుకు హీటరెందుకు?

ఆ రోజుల్లో నేను చిన్నదాన్ని. కచ్చితంగా చెప్పాలంటే అరవై ఆరేళ్ల నాలుగు నెలలు. ఇప్పుడు డెబ్బై నాలుగు నిండాయి కాబట్టి అప్పటి నన్ను చిన్నదని అనడానికి నాకు పూర్తి హక్కుంది. అప్పట్లో మోకాళ్లు చెప్పిన మాట వినేవి. నేల మీద గోనెపట్టా పరుచుకుని పడుకుంటే, లేవడానికి ఎవరి చెయ్యీ అక్కర్లేదు (రెండుసార్లు తప్ప; ఒకసారి నడుం పట్టేసింది, ఇంకోసారి కొంగు చక్రం దగ్గర ఇరుక్కుంది). ఆ వయసులో మనిషికి తనకు తెలియనిదంటూ లేదనిపిస్తుంది. ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషికైతే మరీను. అటువంటి ప్రాయంలో నేను మా పెరట్లో మిరపకాయల షెడ్డులో ఒక కారును ఊడదీసి, మళ్లీ బిగించాను. ఊడదీసిన బోల్టులు నాలుగు వందల పన్నెండు. బిగించినవీ నాలుగు వందల పన్నెండే. ఇది నేను ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను, ఎందుకంటే ఆ వ్యవహారంలో గర్వంగా చెప్పుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు.

ముందు కారు సంగతి చెప్పాలి. మా ఆయన మిరప రైతు. చేలు పెనుగంచిప్రోలు దగ్గర, కాపురం జగ్గయ్యపేటలో. కారు కొందామని ఇద్దరం విజయవాడ వెళ్లినప్పుడు, అక్కడ వరసగా నిలబెట్టిన కార్లలో ఒక ఎర్ర కారు దగ్గర ఆయన ఆగిపోయారు. చొక్కా జేబులోంచి ఎండుమిరపకాయ తీసి బానెట్ మీద పెట్టి చూశారు. కాయ కనపడలేదు, అంతగా కలిసిపోయింది. "ఇదే కావాలి" అన్నారు. అమ్మే అబ్బాయి నిజాయితీపరుడు, "సార్, ఇది స్పీడు బండండీ. వెనకాల రెక్క చూశారా, కుర్రాళ్లు తీసుకుంటారు" అని హెచ్చరించాడు కూడా. "మేం మటుకు కుర్రాళ్లం కాకుండా పుట్టామా?" అన్నారు మా ఆయన. అలా దేశంలోని కుర్రాళ్లంతా కలవరించే కారు మా ఇంటికొచ్చింది. కంపెనీవాళ్లిచ్చిన పుస్తకంలో అది ఎన్ని సెకన్లలో వంద అందుకుంటుందో రాసి ఉంది. మా ఆయన నడిపిన తొమ్మిదేళ్లలో ముల్లు నలభై దాటలేదు. దానికి ఐదో గేరుందని ఆయన నమ్మనే లేదు. సైకిళ్లవాళ్లు గంట కొట్టి మరీ మమ్మల్ని దాటిపోయేవాళ్లు.

డ్రైవింగ్ ఇద్దరం ఒకేసారి, ఒకే గురువు దగ్గర నేర్చుకున్నాం. లైసెన్సు పరీక్షలో నేను మొదటిసారికే పాసయ్యాను, ఆయన రెండోసారికి (ఈ విషయం ప్రతి పెళ్లిరోజుకీ ఒకసారి గుర్తుచేస్తుంటాను, మరిచిపోతారేమోనని). అయినా తొమ్మిదేళ్లూ ఆయన కుడివైపు, నేను ఎడమవైపు. తర్వాత ఆయన కళ్లకు ఆపరేషన్ అయింది, డ్రైవింగ్ మానేశారు. మానేసిన మనిషి తాళాలు నాకివ్వాలి కదా? ఇవ్వలేదు. "నేను నడపలేని బండి ఇంకెవరు నడుపుతారే?" అని కారును మిరపకాయల షెడ్డులో పెట్టి తలుపేశారు. ఆరేళ్లు అక్కడే బస్తాల మధ్య నిలబడింది. పదిహేనేళ్లు నిండబోతున్నాయి, నందిగామ తీసుకెళ్లి బండి పరీక్ష చేయించి, రిజిస్ట్రేషన్ మళ్లీ రాయించుకోవాలి అన్న సమయంలో ఆయన తాపీగా అన్నం కలుపుకుంటూ, "పాత ఇనుమతనికి చెప్పాలే, వచ్చి తీసుకెళ్తాడు" అన్నారు. పదిహేనేళ్లలో నేను ఆ స్టీరింగు ముందు కూర్చున్నది లేదు. ఆ కారు వెళ్లిపోతే ఇక కూర్చునేదీ ఉండదు.

"నేను బాగుచేయించి నడుపుతా" అన్నాను.

"నువ్వా?"

"మొదటిసారికే పాసైంది ఎవరు?"

ఆయన కాసేపు పెరుగు వంక చూసి, "సరే. మే నెల రెండో శుక్రవారం నందిగామలో పాసైతే ఉంచుకో. కాకపోతే శనివారం పొద్దున్నే పాత ఇనుమతను వచ్చేస్తాడు, ఏడవకూడదు" అన్నారు. తెల్లకాగితం మీద రాయించి సంతకం పెట్టించాను. అప్పటికి నా చేతిలో పదకొండు వారాలున్నాయి.

మెకానిక్‌ని వెతుక్కోవాల్సిన పని పడలేదు. హైవే పక్కన షెడ్డు పెట్టుకున్న నా పాత శిష్యుడొకడున్నాడు. పదో తరగతి అర్ధ సంవత్సరం పరీక్షలో లెక్కల్లో వాడికి వందకు పదకొండు మార్కులొచ్చాయి. ఆ రోజు క్లాసులో కోపంలో "పదకొండూ, లేచి నిలబడు" అన్నాను. ఊరంతా అదే ఖాయం చేసింది. వాడికిప్పుడు యాభై దగ్గర పడుతున్నాయి, షెడ్డు బోర్డు మీద కూడా 'పదకొండు మోటార్స్' అనే ఉంటుంది. కారు చూడ్డానికొచ్చి, బానెట్ ఎత్తి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏరా, బతుకుద్దా?"

"టీచర్, ఇది మామూలు బండి కాదండీ. పందెం గుర్రాన్ని తెచ్చి మీరు ఇన్నేళ్లూ నీళ్లు మోయించారు. దీన్ని బాగుచేయటం కాదు, దీనికి క్షమాపణ చెప్పాలి."

క్షమాపణ ఎలా చెప్పాలో వాడే చెప్పాడు. పొగగొట్టం లావుది వేయాలి, నాలుగు చక్రాలకూ డిస్కు బ్రేకులు పెట్టాలి, వెడల్పు టైర్లు, కొత్త షాకబ్జార్బర్లు. నేను నోట్‌బుక్కు తీసి ఎర్రగీతలు కొట్టాను. ప్రతి ఆదివారమూ, సాయంత్రాలు వీలైనప్పుడూ పని. వాడు ఊడదీయడం, నేను లెక్క రాయడం. బోల్టులు కలిసిపోకుండా ఉండాలంటే గుంటలున్న పళ్లాలు కావాలి. మా ఇంట్లో ఇడ్లీ రేకులు అయిదున్నాయి, రేకుకు నాలుగు గుంటలు, మొత్తం ఇరవై. ప్రతి గుంటకూ ఒక చీటీ. చాలక పక్కింటి వదిన రేకులు కూడా అడిగి తెచ్చాను. ఆవిడ ఇస్తూ, "పైకి పోయే దారి చూసుకోవాల్సిన వయసులో కారు కిందకి దూరడమేంటి వదినా?" అంది. పదకొండు వారాలు రెండిళ్లలోనూ ఇడ్లీలు లేవు. మా ఆయన రోజూ ఉప్మా తింటూ షెడ్డు వైపు చూసిన చూపు నాకింకా గుర్తే.

ఇక ఆ షెడ్డులో నేను పడ్డ అవమానాలు ఇన్నీ అన్నీ కావు. కారు కిందనుంచి ఒక చెయ్యి బయటకొస్తుంది. "టీచర్, పన్నెండు నంబర్ స్పానర్." నేను పద్నాలుగుది ఇస్తాను. "పన్నెండంటే పద్నాలుగిస్తారేంటి టీచర్? ధ్యాస ఎక్కడుంది? కిటికీలోంచి చూస్తున్నారా?" అచ్చం నేను ముప్పై నాలుగేళ్లు అన్న మాటలు, అదే గొంతుతో. ఒక ఆదివారం గ్రీజు డబ్బా మూత పెట్టడం మరిచిపోయానని నన్ను అయిదు నిమిషాలు నిలబెట్టాడు. నిలబడ్డాను. నేర్చుకునేవాళ్లకు ఉండాల్సిన బుద్ధులే అవి.

వాడితో నాకు గట్టిగా చెడింది రెండే రెండు విషయాల్లో. మొదటిది, గాలి. ఏసీ వేస్తే దాని ఫ్యాను వాయుగుండంలో చిక్కుకున్న ఈగలాగా మూలిగేది. నేను టేపు పెట్టి కారు లోపలి పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచాను. లోపలి గాలి మొత్తం ఇరవై సెకన్లలో మారాలంటే ఎంత ఫ్యాను కావాలో లెక్క తేల్చి చూపించాను. వాడు తుక్కుకెళ్లిన ఒక అంబులెన్సు లోంచి దానికి సరిపోయే ఫ్యానును పట్టుకొచ్చి, భయం భయంగా నా ముందు పెట్టాడు. "టీచర్, ఇది పెళ్లిపందిట్లో పెట్టుకునేంతది. ఇంత అవసరమా?" "లెక్క ప్రకారం ఇదే." "మీ లెక్కకి ఎదురు చెప్పి నేను ఆల్రెడీ పదకొండు తెచ్చుకున్నా" అని బిగించాడు. ఏసీ వేసి చూస్తే గాలి చల్లగా, శుభ్రంగా, భుజం మీది పమిట ఎగిరిపోయేలా వచ్చింది. నేను గర్వంగా చూశాను.

రెండోది, హీటరు. ఆ కార్లో హీటరొకటుంది, చలిదేశాల్లో వాడుకునేది. ఏసీ గాలి వచ్చే గొట్టాల వెనకాల దానికి వేరే అర, ఆ అరకు ఒక రేకు తలుపు. "ఆ తలుపు తీసి లోపలంతా దులపాలి టీచర్, దానికి డాష్‌బోర్డు మొత్తం విప్పాలి, మూడు రోజుల పని" అన్నాడు. నాకు మిగిలింది అయిదు రోజులు. నేను నోట్‌బుక్కు తెరిచాను. జగ్గయ్యపేటలో వేసవిలో సున్నపురాయి కూడా చెమటోడుస్తుంది. ఇక్కడ హీటరు వేసేవాడెవడు? తొమ్మిదేళ్లూ నేను పక్కన కూర్చున్నదాన్నే, ఒక్కరోజు వేసిన పాపాన పోలేదు. కాబట్టి ఎర్రసిరాతో రాశాను: 'హీటరు. వాడకం సున్నా. విప్పనక్కర్లేదు.' కింద గీత కూడా గీశాను. "టీచర్, ఓసారి..." "రాశాక మార్చేది లేదు." వాడు తలవంచుకుని వెళ్లి సీట్లు బిగించుకున్నాడు.

శుక్రవారం పొద్దున్న ఏడుంబావుకు బయల్దేరాం. కుడివైపు నేను. (అంతకుముందు మూడు ఆదివారాలు ఖాళీ మార్కెట్ యార్డులో సాధన చేశాను, రెండు బస్తాలనూ ఒక కుక్కనూ తప్పించాను.) వెనకసీట్లో పదకొండు, ఒళ్లో నీళ్ల క్యాను, నోట్లో ఏదో స్తోత్రం. మా ఆయన వీధి గుమ్మంలో నిలబడి, "నలభై దాటకు" అన్నారు. ఇంకో మాటేదో చెప్పబోయి ఆగి, తువ్వాలు భుజం మీద సర్దుకున్నారు. ముప్పై కిలోమీటర్లకు కాస్త తక్కువ దూరం. నలభై దాటలేదు. నందిగామలో పరీక్ష జరిగే మైదానం చేరేసరికి మా ముందు ఎనిమిది ఆటోలు, మూడు ట్రాక్టర్లు, ఒక పాలవ్యాను.

"టీచర్, ఇంజన్ ఆపకండి. మళ్లీ స్టార్టవుద్దో లేదో నేను మాటివ్వలేను."

"ఇప్పుడా చెప్పేది?"

"ముందే చెబితే మీరు బయల్దేరరు కదండీ."

మే నెల ఎండలో, కదలకుండా, ఇంజన్ ఆపకుండా గంటా పది నిమిషాలు. వేడిముల్లు మధ్యలోనుంచి మెల్లగా పైకి జరగడం నేను చూస్తూనే ఉన్నాను, కానీ చూస్తే మరింత జరుగుతుందేమోనని చూడనట్టు నటించాను. మా వంతు వచ్చింది. ఇన్‌స్పెక్టరుగారు ముప్పై దాటని మనిషి, తెల్లచొక్కా, చేతిలో అట్ట, పెన్ను. కారు చుట్టూ తిరిగి, వెనకాల రెక్క చూసి, నన్ను చూసి, మళ్లీ రెక్క చూశారు. "బండి మీదేనామ్మా?" "అవును బాబూ." "డ్రైవరేడి?" "నేనే." ఆయన ఎడమవైపు ఎక్కి బెల్టు పెట్టుకున్నారు, చాలా బిగించి పెట్టుకున్నారు. "ముందుకి పోనివ్వండి. నేను ఆపమన్నప్పుడు గట్టిగా బ్రేక్ వేయండి" అన్నారు.

ఇరవై గజాలు పోయామో లేదో వెనకనుంచి పదకొండు నా చెవి దగ్గరకొచ్చాడు. "టీచర్, ముల్లు చూశారా?"

"చూశా."

"ఇంకో నిమిషంలో పొంగుద్ది. హీటర్ పెట్టండి. ఇంజన్లో వేడిని అది ఇటు లాగేస్తది, క్షణాల్లో చల్లబడుద్ది."

"హీటరేంటండీ?" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. "బయట నలభై నాలుగుంటే!"

"బాబూ, వేడనేది ఎప్పుడూ ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి..."

"అమ్మా, నేను ఇంజనీరింగ్ చదివా."

"మంచిది, అయితే త్వరగా అర్థమవుద్ది" అని హీటరు తిప్పాను. గాలి మీట చివరిదాకా లాగాను. నా లెక్క ప్రకారం ఇరవై సెకన్లలో లోపలి గాలంతా మారాలి.

అంత పట్టలేదు. ముందు డాష్‌బోర్డు లోపల రేకు తలుపు టక్కున తెరుచుకున్న చప్పుడైంది. తర్వాత ఒక హూంకారం. ఆ తర్వాత నాలుగు గాలి గొట్టాల్లోంచీ ఎర్రటి పొడి, పెళ్లిలో వసంతాలాడినట్టు మా ముగ్గురి మొహాల మీదకు వచ్చింది. వెనకే మిరపగింజలు, అద్దానికి తగిలి వడగళ్లలాగా టపటపమన్నాయి. వేడెక్కిన మిరప్పొడి ఎలా ఉంటుందో తాలింపు మాడినప్పుడు వంటింట్లో ఉన్నవాళ్లెవరినైనా అడగండి. ఆ వంటింటికి తలుపులేసి, అందులో అంబులెన్సు ఫ్యాను పెట్టి ఊహించుకోండి. ఇన్‌స్పెక్టరుగారు పద్నాలుగు తుమ్మారు. పదకొండు తొమ్మిది. నావి ఏడు దాకా లెక్కపెట్టాను, తర్వాత లెక్క తప్పింది (జీవితంలో అదొక్కసారే). "ఆపండి! అమ్మా, ఆపండి!" అని ఆయన అరిచారు. ఆపమన్నప్పుడు గట్టిగా బ్రేక్ వేయమన్నారు కదా, వేశాను. నాలుగు డిస్కులూ పట్టాయి. కారు గీత గీసినట్టు తిన్నగా ఆగింది. మా నీళ్ల క్యాను మాత్రం వెనకసీట్లోంచి ముందుసీట్లోకి, అక్కణ్ణించి ఇన్‌స్పెక్టరుగారి ఒళ్లోకి వెళ్లి ఆగింది. ఆయన దానికి ఎంతో రుణపడినట్టు మూత తీసి మొహం మీద కుమ్మరించుకుని, తలుపు తోసుకుని బయట పడ్డారు.

క్షణంలో ఆటోలవాళ్లు, ట్రాక్టర్లవాళ్లు చుట్టూ మూగారు. సాయం చేయడానికే వచ్చారు, కానీ ఘాటు ముక్కుకు తగలగానే అసలు పని మరిచిపోయారు. ఒక ట్రాక్టరతను డాష్‌బోర్డు మీద గింజ తీసి నలిపి వాసన చూసి, "తేజా అండి ఇది" అన్నాడు. "తేజా ఏంటి, ఇంత ఘాటుంటదా? పాత నాటు రకం" అని ఆటో అతను. "ఏ ఊరి కాయండీ బాబూ?" అని వాళ్లు పదకొండును అడుగుతున్నారు, వాడు మట్టిలో కూర్చుని ఏడుస్తున్నాడు. నేను మాత్రం దిగి, టైర్ల గుర్తుల వెంట నడిచి చూశాను.

"బాబూ, ఒక్కసారి ఇటు చూడండి. గుర్తులు రెండూ సమానంగా, తిన్నగా ఉన్నాయి."

"అమ్మా," అన్నారాయన, ఒక కన్ను సగం తెరిచి, "నేనాపమంది బ్రేకు పరీక్షకి కాదు. ప్రాణం మీదకొచ్చి."

"ఆగింది కదా?"

ఆయన ఆ ఒక్క కన్నుతోనే గుర్తులను చాలాసేపు చూశారు. పాలవ్యాను అతను చెంబుతో మజ్జిగ తెచ్చాడు. ముప్పావు గంట తర్వాత, కళ్లు దొండపళ్లలా ఉన్నా, మళ్లీ వచ్చి దీపాలు, హారను, పొగ, బ్రేకులు అన్నీ బయటనుంచే పద్ధతిగా పరీక్షించారు. ఈసారి నడిపి చూపించినప్పుడు నన్నొక్కదాన్నే పంపి, తను వంద గజాల దూరంలో నిలబడ్డారు. మైదానం అవతల ఇనుప గేటు కనపడుతోంది, దాన్ని చూస్తే శనివారం రాబోయే పాత ఇనుమతనే గుర్తొస్తున్నాడు. చివరికాయన అట్ట మీద కాగితాన్ని పైనుంచి కిందదాకా రెండుసార్లు చదివి, "ఎంత వెతికినా ఇందులో హీటరు లేదమ్మా. ఉన్నవన్నీ బాగున్నాయి. పాస్" అని సంతకం పెట్టారు.

తిరుగుదారిలో అద్దాలు నాలుగూ దించుకుని, ఇద్దరం ముక్కులు తుడుచుకుంటూ వచ్చాం. చిల్లకల్లు టోల్ గేటు దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. ఐదో గేరు వేశాను. ఉంది, ఐదో గేరుంది. లోపల మిగిలిన పొడంతా ఎర్రటి తోకలాగా మా వెనకాల లేచిందని తర్వాత పదకొండు చెప్పాడు. వాడి స్తోత్రం ఆ వేగానికి తగ్గట్టు తొందరతొందరగా సాగింది.

ఇంటి ముందు ఆగేసరికి మా ఆయన అరుగు మీదే ఉన్నారు. మా మొహాలు చూసి లేచి నిలబడ్డారు. కాగితం ఆయన చేతిలో పెట్టి జరిగింది చెప్పాను. "హీటర్లోకి మిరప్పొడి ఎలా వచ్చిందో అర్థం కావట్లేదు. నా లెక్క ప్రకారం దాన్ని ఒక్కసారీ వాడలేదు" అన్నాను. ఆయన కాగితం తిరగేసి వెనకవైపు చూశారు, అటు ఖాళీ.

"ఏవండీ?"

"నువ్వు బడికెళ్లిన రోజుల్లో," అన్నారు నెమ్మదిగా, "మంచుకి శాంపిల్ కాయ మెత్తబడేది కదే. మెత్తటి కాయ చూపిస్తే వ్యాపారి మొహం తిప్పుకునేవాడు. అందుకని సంచి మూతి విప్పి ఆ ఎడమ సీటు ముందు, హీటరు గాలి పీల్చుకునే చోట పెట్టి, అద్దాలెత్తి, హీటరు వేసేవాణ్ణి. చేలో బయల్దేరి నందిగామలో దిగేసరికి కాయ గలగలలాడేది."

"అద్దాలెత్తా? మీకు ఘాటెక్కలేదూ?"

"తడి తువ్వాలు కట్టుకునేవాణ్ణి మొహానికి."

"తొమ్మిదేళ్లు?"

"చలికాలాలే." కాగితం మడతపెడుతూ, "అందుకే నలభై దాటేవాణ్ణి కాదు. దాటితే కాయ ఎండదు, మాడుద్ది" అన్నారు. "పొద్దున చెబుదామనుకున్నా. చెబితే నువ్వు వెళ్లవేమోనని..."

పదకొండు అరుగు మెట్టు మీద కూర్చుండిపోయాడు. "పందెం గుర్రం కాదు టీచర్," అన్నాడు, "మిరపకాయల పెనం."

నేను నోట్‌బుక్కు తెచ్చి, 'వాడకం సున్నా' అన్న మాట కొట్టేసి, పక్కన 'నాకు తెలియదు' అని రాశాను. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగంలో ఏ పుస్తకంలోనూ నేను రాయని మాట అది. రాస్తే చెయ్యేమీ విరిగిపోలేదు.

మర్నాడు పొద్దున్నే పాత ఇనుమతను వ్యాను వేసుకొచ్చాడు. వంటింట్లోంచి విన్నాను. "లేదు బాబూ, బండి పాసైంది" అన్నారు మా ఆయన. ఆ గొంతులో దిగులు లేదు, కొంచెం డాబు కూడా ఉంది, పరీక్ష తనే రాసినట్టు. నేను బయటకొచ్చేసరికి ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, కారు పక్కన నిలబడి ఉన్నారు. ఎడమవైపు. చెయ్యి తలుపు పిడి మీద ఉంది కానీ తెరవడంలేదు.

"ఎక్కడికి?"

"పెనుగంచిప్రోలు దాకా పనుంది."

"ఏం పని?"

"ఉంటుందిలే, వెళ్లాక ఏదో ఒకటి."

నేను తాళం తీశాను. ఆయన కూర్చుని, బెల్టు ఎక్కడుందో తెలియక తడుముకుంటుంటే నేనే వంగి పెట్టాను. మునేరు వంతెన దాకా ఆయన ఒక్క సలహా ఇవ్వలేదు. రెండు చేతులతో సీటు పట్టుకుని కళ్లు మూసుకున్నారు, పళ్లు కొరుకుతున్నారు, కానీ ఇవ్వలేదు. అది ఎంత కష్టమో తొమ్మిదేళ్లు ఆ సీట్లో కూర్చున్న నాకు తెలుసు.

ఇప్పుడు కారు కిందకు దూరాలంటే ముందు ఈ మోకాళ్లను ఒప్పించాలి, అవి నా మాట వినడం మానేసి చాలాకాలమైంది. అప్పుడప్పుడూ షెడ్డు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటాను. కారు కిందనుంచి రెండు కాళ్లు, గ్రీజంటిన చీర అంచు బయటికి కనపడుతున్నట్టే ఉంటుంది. అరవై ఆరేళ్ల పిల్ల. అన్నీ తెలుసనుకుంటోంది. పిలిచి, "అమ్మాయ్, ఆ హీటరొకసారి విప్పి చూడవే" అందామనిపిస్తుంది. కానీ ఎంత ముచ్చటగా, ఎంత ధీమాగా పని చేసుకుంటోందో చూస్తూ చూస్తూ, ఏమీ అనకుండా ఊరుకుంటాను.